నేను తిప్పని డిష్

పోయిన నెల ఉప్పల్‌లోని మా ఫ్లాట్ మీద డిష్ సరిచేయడానికి ఒకతను వచ్చాడు. అరచేతిలో పట్టే మీటరు ఒకటి తెచ్చాడు. దాన్ని డిష్ తీగకు తగిలించి, అది కూసినప్పుడల్లా ఇటు కాస్త అటు కాస్త జరిపి, ఐదు నిమిషాల్లో నట్లు బిగించేశాడు. నేను పక్కనే నిలబడి, "గోడలో బోల్టు వదులుగా ఉంది, రేపు గాలి వస్తే మళ్లీ కదులుతుంది" అన్నాను. అతను నా వైపు తిరగనైనా తిరగకుండా, "మేడమ్, మీరు కిందికి పోయి టీవీ ముంగట కూసోండ్రి. ఇది మీకు సమజ్ కాదు" అన్నాడు. నేను కదల్లేదు. అతను వెళ్లగానే కంపెనీకి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను. ఇంట్లోవాళ్లు నవ్వారు, ఇంత చిన్న మాటకు ఫిర్యాదా అన్నారు. ఇది చిన్న మాట, అది పెద్ద మాట అని తూకం వేసేది ఎప్పుడూ మాట పడనివాళ్లే. ఏ మీటరూ లేకుండా, ఒక పానా, ఒక గోళ్ల రంగు సీసా చేతపట్టుకుని, నాచారంలో ఒక ఇంటి డిష్‌ను ఏళ్ల తరబడి నిలబెట్టిన మనిషిని నేను. ఆ పనికి చివర్లో నాకు దక్కిన మాట ఒకటుంది. అది ఇప్పటికీ అరగలేదు.

మేము నాచారంలో అద్దెకు దిగేనాటికి నేను పదో తరగతి. నాన్న తెనాలి దగ్గరి ఊరు వదిలివచ్చి, పారిశ్రామికవాడలో ఒక అట్టపెట్టెల కంపెనీలో గుమస్తాగా చేరారు. కింద ఇంటివాళ్లు, పైన రెండు గదుల్లో మేము, ఆ పైన డాబా. ఇంటాయన పేరు యాదగిరి. అదే వాడలో లేత్ మెషీన్ మీద పనిచేసేవాడు. ఎడమచేతి వేళ్లు రెండు వంకరగా ఉండేవి. మెషీన్‌లో పడ్డాయేమో అనుకున్నాను చాలాకాలం. కాదట. అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో, పరీక్షకు పోవాల్సిన వయసులో ఊరేగింపుకు పోయి తిన్న లాఠీ దెబ్బ. ఆ ఏడు చదువు పోయింది, మళ్లీ బడి ముఖం చూడలేదు. ఆయన భార్య సత్తెమ్మ. వాళ్లకు పిల్లలు లేరు. మేం దిగిన వారంలోనే ఆవిడ నన్ను ఆపి, "ఆంటీ గీంటీ అనకే, పాడు మాట. పెద్దమ్మ అను" అంది. అలా ఆవిడ పెద్దమ్మ, ఆయన పెదనాన్న అయ్యారు. తెల్లవారుజామున నల్లా వచ్చేది. పెద్దమ్మ బిందెల చప్పుడుతో వీధి లేచేది. గాలి ఒకవైపు నుంచి వీస్తే మందుల ఫ్యాక్టరీ ఘాటు, ఇంకోవైపు నుంచి వీస్తే బిస్కెట్లు కాలుతున్న తియ్యటి వాసన. అమ్మ ఏ వాసన ఉందో చూసుకుని బట్టలు ఆరేసేది. కింద జొన్నరొట్టెలు తడుతున్న చప్పుడు, పైన మా ఇంగువ పోపు. ఆ పోపు గుప్పుమన్నప్పుడల్లా పెదనాన్న వాకిట్లోంచి తుమ్మి, "అకౌంటు సారూ, మీ పప్పు మా ముక్కుల పడ్డది" అని కేక వేసేవాడు.

మా టీవీ సామాన్ల లారీలో వస్తూ వస్తూనే పగిలింది. నా చదువు అయ్యేదాకా కొత్తది కొనేది లేదని నాన్న తీర్మానించారు. కాబట్టి వాళ్ల హాలే మా హాలు. కొన్నాళ్లకు కేబుల్ అతనితో పెదనాన్నకు ఏదో మాటామాటా వచ్చింది. "నీ తీగ నువ్వే సుట్టుకొని పో" అని కేబుల్ పీకించి, ఎవరికీ నెలనెలా ఏమీ కట్టనక్కర్లేని సర్కారు చానళ్ల డిష్ తెప్పించాడు. ఈశాన్యంలో బరువు పెట్టొద్దని పెద్దమ్మ పట్టుబట్టడంతో, దాన్ని డాబా మీద నైరుతి మూలన, నీళ్ల ట్యాంకు ముందు ఇనుప గొట్టానికి బిగించారు. ఆగ్నేయం వైపు మెడెత్తి చూస్తూ ఉండేది. ఆ దిక్కున ఆకాశంలో, కంటికి ఆనని చోట ఒక ఉపగ్రహం ఉంటుందట. డిష్ చిటికెనవేలి మందం పక్కకు జరిగినా బొమ్మ పగిలి ముక్కలవుతుంది.

రెండు వారాలు తిరక్కుండానే పగిలింది. బిగించినవాడు ఫోన్ ఎత్తలేదు. అప్పుడు మొదలైంది ఆ ఇంటి డిష్ కొలువు. డాబా మీద తిప్పడానికి ఒకరు, టీవీ ముందు చూడటానికి ఒకరు, చూసింది పైకి చేరవేయడానికి మెట్ల మధ్య ఒకరు. మెట్ల మధ్య నేను. కింద పెద్దమ్మ "వచ్చింది" అంటే నేను "వచ్చింది" అని అరవాలి. ఆ మాట పైకి చేరేలోపు పెదనాన్న చెయ్యి ఇంకో వేలెడు జరిపి ఉండేది. కింద "పోయింది" అనేవారు. తప్పు ఎవరిది? నాది. "నీ నోట్లె ఏమున్నదే, బెల్లమా? జర జల్ది అరువు" అనేవాడు ఆయన. ఒక ఆదివారమంతా అలా గడిచింది. కిందా పైనా ఇద్దరు పెద్దలు, మధ్యలో ఇద్దరి చేతా తిట్లు తింటూ నేను. ఆ రోజు నేను ఒక సంగతి కనిపెట్టాను. డిష్‌తో పాటు వచ్చిన పెట్టెలో సిగ్నల్ చూసుకునే చోట తెర మీద రెండు పట్టీలు వస్తాయి. పైది బలం, కిందిది నాణ్యత. బలం పట్టీ డిష్‌ను ట్యాంకు వైపు తిప్పినా నిండుగానే ఉంటుంది. పెద్దమ్మ దాన్ని చూసి వచ్చిందని అరుస్తోంది. నిజం చెప్పేది రెండో పట్టీ. ఈ మాట నేను ఆ రోజు మూడుసార్లు చెప్పాను. మూడుసార్లూ ఎవరూ వినలేదు. నాలుగోసారి నేనే డాబా ఎక్కి, పెదనాన్న చేతిలోంచి పానా లాక్కుని, "మీరు వెళ్లి కింది పట్టీ చూసి చెప్పండి" అన్నాను. ఆయన దిగిపోయాడు. పావుగంటలో బొమ్మ వచ్చింది. అప్పటినుంచి నేను ఇంజినీరమ్మను. తర్వాత నేను రామంతాపూర్‌లో ఎలక్ట్రానిక్స్ డిప్లొమాలో చేరినప్పుడు, అది తన డిష్ చలవేనని ఆయన వీధంతా చెప్పుకున్నాడు. నా మార్కుల సంగతి ఎవరికీ చెప్పలేదు.

అయినా వారానికోసారి బొమ్మ పోయేది. కోతులన్నారు, గాలి అన్నారు, మబ్బన్నారు. నేను రోజులు గుర్తుపెట్టుకున్నాను. సరిగ్గా పెద్దమ్మ బట్టలుతికిన రోజే. పైకి వెళ్లి చూస్తే, డిష్ గొట్టానికీ మెట్లగది కొక్కేనికీ మధ్య తాడు, తాడు మీద తడి బొంత. బొంత బరువుకు డిష్ వంగి దణ్ణం పెడుతోంది. పెద్దమ్మకు చెప్తే, "నా బొంతకు, గా ఢిల్లీ బొమ్మకు ఏం సంబంధమే?" అంది. పెదనాన్న వచ్చి చూశాడు. ఆయన కోపం అరుదు, వస్తే మాత్రం ఆగదు. "ఇంకోసారి డిష్‌కు తాడు కట్టినవంటే డిష్‌నే తాడుకు ఆరేస్త, నువ్వు బొంతల సూసుకో టీవీ" అన్నాడు. పెద్దమ్మ రెండు వారాలు ఆగింది. ఆ డాబా మీద మధ్యాహ్నం దాకా ఎండ పడేది ఆ మూలనే. మూడో వారం నుంచి ఆయన పనికి పోగానే కట్టేది. ఆయన వచ్చేలోపు నేను విప్పి, డిష్ సరిచేసేదాన్ని. ఆయనకు చెప్పేదాన్ని కాదు. బదులుగా పొయ్యి మీంచి దించిన సర్వపిండి వేడివేడిగా నాకు మొదట వచ్చేది. ఇది మా ఇద్దరి మధ్య ఒప్పందం. ఒప్పందం అంటే ఇద్దరూ నిలబెట్టుకోవాల్సిందని నేననుకున్నాను.

ప్రతిసారీ వెతుక్కోవడం విసుగనిపించి, బొమ్మ బాగా ఉన్న ఒక రోజు గొట్టం మీదా, దాన్ని పట్టుకున్న డిష్ ఇనుప పట్టీ మీదా కలిపి గోళ్ల రంగుతో ఒక ఎర్ర గీత గీశాను. డిష్ పక్కకు తిరిగితే గీత రెండు ముక్కలుగా విడిపోతుంది. ముక్కలు రెండూ కలిసేదాకా తిప్పితే చాలు. పైకీ కిందికీ వంగే చోట గీయడానికి రంగు అయిపోయింది. తర్వాత గీద్దామనుకున్నాను, గీయలేదు. ఆ తప్పు నాదే, ఒప్పుకుంటాను. నా తప్పులు నేను ఒప్పుకుంటాను. ఇతరులు ఒప్పుకోరు, అదే నా బాధ.

ఉద్యమం మళ్లీ రాజుకున్న ఏళ్లలో ఆ హాలు మారిపోయింది. సినిమాలు పోయి వార్తలు వచ్చాయి. బంద్ రోజుల్లో వీధి వీధంతా అక్కడే ఉండేది. పెదనాన్న వంకర వేళ్ల కథ అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పేవాడు. నాన్న దిగడం తగ్గించారు. బంధువులతో ఫోన్‌లో మాట్లాడేటప్పుడు కిటికీ మూసేవారు. ఒకసారి మెట్ల దగ్గర ఎదురుపడితే పెదనాన్న ఆయన భుజం తట్టి, "ఫికర్ జెయ్యకు సారూ, రాష్ట్రమొచ్చినంక నీ వీసా నేనిప్పిస్త" అన్నాడు. హాల్లో ఉన్నవాళ్లంతా నవ్వారు. నాన్న కూడా నవ్వారు. మెట్లెక్కి మా గదిలోకి వచ్చాక ఆయన ముఖంలో నవ్వు లేదు. నేను మాత్రం కిందికి వెళ్లడం మానలేదు. డిష్ నాది కదా.

ఢిల్లీలో బిల్లు సభకు వచ్చిన రోజు పొద్దున్నే పెదనాన్న గడ్డం గీయించుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, టీవీకి ఎదురుగా కుర్చీ వేసుకున్నాడు. నేను గేటు దగ్గర కనపడితే పిలిచాడు. "బిడ్డా, ఇయ్యాల బొమ్మ పోవద్దు. నలభై అయిదేండ్లు ఆగిన. ఎవలో జెప్తె ఇనుడు గాదు, నా ఇంట్ల కూసోని నా కండ్లతోని సూడాలె. నీదే జిమ్మేదారి." నేను సరే అన్నాను. అమ్మ, "ఇవాళ కిందికి వెళ్లకే, వాళ్ల గోల వాళ్లని పడనీ" అంది. నాన్న సెలవు పెట్టి, కిటికీ మూసుకుని, నిన్నటి పేపరు చదువుతున్నారు. నేను డాబా ఎక్కాను. అనుకున్నట్టే ఉంది. అలాంటి రోజు కూడా పెద్దమ్మ తడి బొంత తెచ్చి డిష్ తాడు మీదే వేసింది. దాన్ని విప్పి పిట్టగోడ మీద పరిచాను. గీతలు చూశాను. వెంట్రుకవాసి తేడా లేకుండా కలిసి ఉన్నాయి. దిగి వస్తుంటే గేటులోంచి పెద్దమ్మ తమ్ముడు మల్లేశ్ వచ్చాడు. దమ్మాయిగూడలో ఉంటాడు, బావ దగ్గర కూర్చుని చూడాలని బండి మీద వచ్చాడు. "ఏం పిల్లా, మీదేం పని?" అన్నాడు. "బట్టలు" అన్నాను. అంతకంటే అతనితో మాట్లాడే అలవాటు నాకు లేదు.

మధ్యాహ్నానికి హాలు నిండింది. సభ ప్రసారాలు చూపించే చానల్ పెట్టారు. రిమోట్ మల్లేశ్ చేతిలో ఉంది. నేను గోడవారన, పెట్టె పక్కన నిలబడ్డాను. సభలో అరుపులు, జనం లేచి నిలబడటం, ఎవరు ఏమంటున్నారో తెలియని రొద. పెదనాన్న కుర్చీ అంచున కూర్చుని, వంకర వేళ్లను ఇంకో చేత్తో నలుపుకుంటున్నాడు. ఉన్నట్టుండి బొమ్మ పోయింది. మాటా పోయింది. తెర నల్లగా మిగిలింది.

"అరే, పాయె!" అన్నారు నలుగురూ ఒక్కసారే.

మల్లేశ్ లేచి టీవీ నెత్తిన ఒకటి కొట్టాడు. నేను పెట్టె వైపు చూశాను. "డిష్ కాదు" అన్నాను. "డిష్ తప్పితే పెట్టె తెర మీద 'నో సిగ్నల్' అని రాస్తుంది. ఏమీ రాయలేదు చూడండి. ఢిల్లీలోనే ఆగింది. వేరే చానల్ పెట్టి చూడండి, వస్తుంది."

"గీ టైంల చానల్ మారుస్తరా? వాపసొస్తె? ఆళ్లు పాస్ జేసేది నువ్వు జూపిస్తవా మల్ల?" అన్నాడు మల్లేశ్.

"ఒక్క నిమిషం. ఇలా ఇవ్వండి, నేను చూస్తాను."

అతను రిమోట్ వీపు వెనక్కి పెట్టుకున్నాడు. అప్పుడు నా వైపు నిదానంగా చూసి, "బావా, పొద్దుగాల నేనొచ్చేటప్పుడు గీ పిల్ల డాబా మీదికెల్లి దిగుతుండె. నా కండ్లతోని సూసిన. గప్పుడే అనుకున్న" అన్నాడు.

"ఏమనుకున్నారు?" అన్నాను.

"ఏమనుకుంటరు? ఇయ్యాల్నే నీకు మీద ఏం పని?"

"బట్టలు తీయడానికి వెళ్లాను."

"ఎవల బట్టలు?"

నేను పెద్దమ్మ వైపు చూశాను. ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది, చేతులకు జొన్నపిండి. "పెద్దమ్మను అడగండి" అన్నాను. అందరూ ఆవిడ వైపు తిరిగారు. నిజం చెప్పాలంటే డిష్‌కు తాడు కట్టానని మొగుడి ముందు, తమ్ముడి ముందు, వీధివాళ్ల ముందు ఒప్పుకోవాలి. ఆవిడ కళ్లు దించుకుంది. "నాకేం ఎరుక? నేను పొద్దుగాల సంది రొట్టెలు జేస్తున్న" అంది.

అంతలో పెదనాన్న కుర్చీలోంచే అన్నాడు. కోపంగా కాదు, మెత్తగా, నా మీద జాలిపడుతున్నట్టు. "ఊకో మల్లేశ్. బిడ్డనేమనకు. నీ తప్పు గాదు బిడ్డా. నీ జాగల నేనున్నా గట్లనే తిప్పుదును."

మల్లేశ్ నన్ను దొంగను చేశాడు. దానికి జవాబు చెప్పవచ్చు. పెద్దమ్మ అబద్ధం ఆడింది. దానికీ చెప్పవచ్చు. చేయని తప్పుకు ఒక పెద్దమనిషి నలుగురిలో నన్ను క్షమించేశాడు, దానికి ఏం చెప్తాం? "నేను తిప్పలేదు పెదనాన్నా, వచ్చి గీతలు చూడండి" అంటున్నాను. అప్పటికే మల్లేశ్ మెట్లెక్కుతున్నాడు. నేను వెనకే పరిగెత్తాను. "ముట్టుకోకండి! ముందు గీతలు చూడండి, చూశాక తిప్పుకోండి!" అతను చూడలేదు. రెండు చేతులతో డిష్ పట్టుకుని ఒక గుంజు గుంజాడు. ఇనుప పట్టీ కిర్రుమని తిరిగింది. ఎర్ర గీత నా కళ్ల ముందే రెండు ముక్కలైంది. అంతటితో ఆగక పైనుంచి కిందికి వంచాడు.

కిందినుంచి ఎవరో అరిచారు. "ఆ, ఇప్పుడొచ్చింది! నో సిగ్నల్ అని రాసింది!"

అప్పటిదాకా లేని రాత అది. అది రాయించింది అతను. కానీ ఇప్పుడు ఎవరు వచ్చి చూసినా గీతలు విడిపోయే ఉంటాయి, తిప్పింది నేనే అనుకుంటారు. నాకున్న ఒక్క సాక్ష్యాన్ని అతను రెండు చేతులతో చెరిపేశాడు. ఇంకో రెండుసార్లు గుంజి చూసి, "లంగ డిష్" అని తిట్టి దిగిపోయాడు. వీధిలో ఎక్కడో ఒక పటాకీ పేలింది, వెనకే ఇంకోటి. హాల్లోని జనం లేచి, టీవీ వస్తున్న ఇళ్లకు పరుగెత్తారు, మల్లేశ్ కూడా. "రా బావా" అని అతను పిలవడం వినపడింది. "నేను రాను. నా ఇంట్లనే సూస్త" అని పెదనాన్న గొంతు.

డాబా మీద నేను ఒక్కదాన్నే నిలబడ్డాను. దిగి మా గదిలోకి వెళ్లిపోవచ్చు. ఆయన అలా నల్లటి తెర ముందు కూర్చుని ఉండనీ అనిపించింది. కానీ బొమ్మ రాకపోతే తిప్పింది నేనే అన్నమాట శాశ్వతంగా నిలిచిపోతుంది. బొమ్మ రావాలి. వస్తే మిగతావి అదే చెప్తుంది. ట్యాంకు వెనక దాచిన పానా తీశాను. గీత ముక్కలు రెండూ కలిపి ఇనుప పట్టీ బిగించాను. అది ఎంతసేపు? మిగిలింది పైకీ కిందికీ వంపు. అక్కడ గీత లేదు. వెతకాలి. వెతకాలంటే కిందనుంచి ఎవరైనా చెప్పాలి.

మెట్ల మీద అలికిడి అయింది. పెద్దమ్మ. పిండి చేతులతోనే సగం మెట్ల దాకా వచ్చి నిలబడింది, పూర్వం నేను నిలబడ్డ చోట. నేను ఆవిడ ముఖం చూడలేదు. "కింది పట్టీ చూసి చెప్పమనండి" అన్నాను. ఆవిడ కిందికి అరిచింది, పెదనాన్న పైకి అరిచాడు. "రాలే!" వేలెడు పైకి ఎత్తాను. "రాలే!" ఇంకో వేలెడు. "పై పట్టీ నిండుగున్నది, కిందిది లేదు!" పటాకీల మోత పెరుగుతోంది. ఎవరో డప్పు మొదలుపెట్టారు. డిష్ అంచు ఎండకు కాలుతోంది, చీర కొంగు కూడా లేదు పట్టుకోవడానికి, చున్నీ చుట్టుకున్నాను. "రాలే!" అన్న మాట ఇంకోసారి వచ్చింది. ఇంకాస్త ఎత్తాను. కింద నుంచి ఏ మాటా రాలేదు. ఇంకాస్త ఎత్తాను. మాట లేదు. పెద్దమ్మ కిందికి వంగి, "ఏమాయె? ఉన్నవా?" అంది. నేను ఇంకో వేలెడు ఎత్తాను. అప్పుడు ఆయన గొంతు, ఏడుపుతో కలిసి. "అయ్యో, ఉండె! ఇప్పుడే ఉండె! అరవనీకె నోరు రాలే. ఎన్కకు దియ్, జర ఎన్కకు దియ్ బిడ్డా!"

వెనక్కి తీశాను. నట్టు బిగించి కిందికి వెళ్లాను. రిమోట్ ఆయన ఒళ్లో ఉంది. తనే వార్తల చానల్‌కు మార్చుకున్నాడు. బిల్లు పాసైందని చెప్తున్నారు. ఆ సమయంలో సభ ప్రసారం దేశమంతా ఆగిపోయిందని కూడా చెప్తున్నారు. ఎందుకు ఆగిందన్నది ఎవరి మాట వాళ్లది. నాకు కావాల్సింది దేశమంతా ఆగిందన్న ఆ ఒక్క వాక్యం. అది పెదనాన్న చెవుల్లో పడింది. మల్లేశ్ గుమ్మంలోకి వచ్చి, "దేశమంత పోయిందట బావా" అని కేకేసి, బావను కావలించుకుని, మళ్లీ వీధిలోకి పోయి గంతులేశాడు. నేను ఆ గదిలోనే ఉన్నాను.

"డిష్ నేను తిప్పలేదు పెదనాన్నా" అన్నాను.

ఆయన కళ్లు తుడుచుకున్నాడు. "ఇంకెందుకు బిడ్డా గా ముచ్చట? వచ్చింది గద. కూసో. ఏయ్, బిడ్డకు చాయ్ వెట్టు."

నేను కూర్చోలేదు. పైకి వచ్చేసరికి నాన్న మెట్ల తలుపు దగ్గరే నిలబడి ఉన్నారు. "పాసైంది" అన్నాను. "అది పటాకీలు చెప్పాయిలే. నిన్నేమన్నారు కింద?" అన్నారు. ఏం లేదన్నాను. ఆయన నమ్మలేదు. రెండు రోజులు చూసి, ఉప్పల్ వైపు ఇల్లు చూద్దామా అన్నారు. వద్దన్నాను. ఇప్పుడు ఖాళీ చేస్తే తిప్పినట్టే అవుతుంది. నా పట్టుదల మీద అందరం ఇంకో మూడేళ్లు అక్కడే ఉన్నాం. ఆ మూడేళ్లూ నేను ఆ హాలు గడప తొక్కలేదు. పెద్దమ్మ ఒకసారి సర్వపిండి తెచ్చి, "గప్పుడు నేనేమనాలె బిడ్డా, మీ పెదనాన్న నన్ను సంపుతుండె" అంది. పళ్లెం అందుకుని అమ్మకిచ్చాను. నేను తినలేదు. వానలకు బొమ్మ పోయేది. కిందినుంచి "బిడ్డా, జర సూడరాదూ" అని ఆయన పిలుపు. నేను పుస్తకంలోంచి తల ఎత్తేదాన్ని కాదు. కాసేపటికి ఆయనే మోకాళ్లు పట్టుకుంటూ డాబా ఎక్కేవాడు. ఆయన తిప్పుతున్న చప్పుడుబట్టి, ఎటు తప్పు తిప్పుతున్నాడో నాకు పడుకున్నచోటికే తెలిసేది.

ఆ కోపం ఇప్పటికీ అలాగే ఉంది. ఉప్పల్ నుంచి నాచారం షేర్ ఆటోలో పావుగంట. ఆయన ఉన్నాడు, పెద్దమ్మ ఉంది, నన్ను అడుగుతుంటారని ఎవరో ఒకరు చెప్తూనే ఉంటారు. వెళ్లలేదు. ఇప్పుడు మా ఇంట్లో ఎవరి ఫోన్‌లో వాళ్లు చూసుకుంటారు. ఒకళ్లు చూసింది ఇంకొకళ్లకు అరిచి చెప్పాల్సిన పని లేదు. ఎవరైనా నమ్మారా లేదా అన్న బాధా లేదు. సుఖమే. కాకపోతే ఆ రోజు గురించి ఎవరికి చెప్పినా నేను ఒక సంగతి వదిలేసి చెప్తాను. తెర నల్లబడినప్పుడు హాల్లో అందరూ అయ్యో అన్నారు. నేను అనలేదు. పైన కిటికీ మూసుకుని నిన్నటి పేపరు చదువుతున్న నాన్న గుర్తొచ్చారు. ఇంకొంచెంసేపు ఇలాగే ఉంటే బాగుండు అనిపించింది. పెట్టె వైపు చూసింది ఆ తర్వాత. డిష్ కాదని చెప్పింది ఆ తర్వాత. తల తిప్పేసరికి పెదనాన్న టీవీని చూడటం లేదు, నన్ను చూస్తున్నాడు. నా ముఖంలో ఆయనకు ఏం కనపడిందో నాకు తెలుసు. అయినా, డిష్ నేను తిప్పలేదు.